బొటనవేలి సీసా

నేను చెప్తుంటే మా వీధి చివరింటి టీచరమ్మ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. అదీ పొదుపు సంఘంలో నేర్పితే వచ్చింది. మా ఆయనకు అది కూడా రాదు. బ్యాంకుకు పోయినప్పుడు నేను పెన్ను పట్టుకుంటే, ఆయన ఇంకు డబ్బాలో వేలు అద్ది, "చదువుకున్న పెండ్లాం పక్కన నిలబడాలంటే సిగ్గయితాండాదప్పా" అని అక్కడి గుమాస్తాను నవ్వించేవాడు. ఆ వేలి గురించే ఈ సంగతి. ఎడమచేతి బొటనవేలు.

ఓర్వకల్లు అవతల నాపరాళ్ళు కోసే మిషను మీద పనిచేసేవాడు ఆయన. పనిలో చేరిన కొత్తలోనే రంపం తగిలి ఆ వేలి మెత్త మీద ఏటవాలుగా తెగింది. మానింది గానీ గీత పోలేదు. నేను జొన్నరొట్టె తడుతుంటే వెనకనుంచి వచ్చి పిండిలో వేలు గుచ్చి పోయేవాడు. పెనం మీద కాలినాక కూడా ఆ గీత కనపడేది. మొదట్లో తిట్టేదాన్ని. తర్వాత్తర్వాత ఆ రొట్టె నా కోసమే పక్కన పెట్టుకునేదాన్ని.

రాతి దుమ్ము ముందు దగ్గయింది. దగ్గు పోయి గడ్డయింది. కర్నూలు ఆసుపత్రిలో కొన్నాళ్ళు పెట్టుకుని, ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అన్నారు. కల్లూరులో మా రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాను. నొప్పి మందు చిన్న గాజు సీసాల్లో వచ్చేది. పిడికిట్లో పట్టేంత సీసా. అయిపోయినవి కిటికీ కింద వరసగా పెట్టేదాన్ని. పనికొచ్చే గాజును పారేయడం నాకు చేతకాదు. ఒకరోజు ఆయన గోడవైపు తిరిగి పడుకుని అన్నాడు:

"వాటిని తీసెయ్ మే. అవి నన్నే సూస్తాండాయి."

తీసేయలేదు. మన్నుతో కప్పాను.

గాజు మీద మన్ను ఊరికే నిలవదు. మొదట రేగడిమన్ను పెట్టాను. తెల్లారేసరికి బీటలిచ్చి చిప్పలు చిప్పలుగా ఊడింది. మన్ను ఎండేకొద్దీ దగ్గరపడుతుంది, లోపలి గాజు మాత్రం కదలదు. అందుకే ఊడింది. రెండోసారి పాత నూలుచీర పీలికను సీసా చుట్టూ బిగించి కట్టి, ఎర్రమన్నులో రుబ్బిన మెంతులు, సన్నగా తరిగిన గడ్డి కలిపి మెత్తాను. చాటలకు మెంతిపిండి పూసిన చెయ్యే కదా, పని పట్టుబడింది. తడి ఆరకముందే జొన్నగింజలు, కొర్రలు వరసగా అద్దాను. లోపల నీళ్ళు పోసి రెండు మరువం రెమ్మలు పెట్టాను. అది కాల్చిన మన్ను కాదు. పైన నాలుగు చుక్కలు చల్లితే తొలకరి వాన వాసన కొడుతుంది. అన్నం వాసనకే కక్కుకునే మనిషి ఆ వాసనకు కళ్ళు తెరిచాడు.

"ఏమ్మే, ఇండ్లు అలికేది అయిపోయి సీసాలు అలుకుతాండావా?" అన్నాడు.

ఆయనకు సూది వేయడానికి వచ్చే నర్సమ్మ మా వీధిలోనే అద్దెకుండేది. ఆ సీసా చూసి చేతిలోకి తీసుకుంది. "మా వార్డులో ఒకాయమ్మ ఉండాదక్కా. ముద్ద ముట్టదు, మాట మాట్లాడదు. ఆయమ్మకు ఒకటి చేసియ్యి" అంది. ఒకటి చేశాను. తర్వాత మూడు అడిగింది. పక్కింటి ఆపా వచ్చి చెయ్యి కలిపింది. ఆపా రంజాన్‌కు వీధి పిల్లలందరికీ గోరింటాకు పెట్టే మనిషి. ఖాళీ గోరింటాకు కోనులో నానిన సుద్ద నింపి, ఎర్రమన్ను మీద తెల్లటి తీగలు, పూలు గీసేది. ఆయన మంచం మీదే కూర్చుని జొన్నల్లో పుచ్చులు ఏరి ఇచ్చేవాడు. ఇంట్లో జబ్బు ఉందన్న మాట కాసేపు మరిచిపోయేవాళ్ళం.

అట్లా ఒక సాయంత్రం నేను మెత్తి పెట్టిన పచ్చి సీసాను తీసుకుని, నడుమన బొటనవేలు గట్టిగా అదిమాడు. లోతుగా పల్లం పడింది. గీతతో సహా.

"ఇది నాది. ముద్ర ఏసినా. ఎవురికీ ఇయ్యొద్దు."

"ఎవరికి కావాలి నీ వంకర వేలు," అన్నాను నేను.

ఆయన పోయిన మూడో రోజు మా తోటికోడలు ఇల్లంతా చూసింది. జబ్బుమంచం దగ్గర తిరిగిన వస్తువు ఇంట్లో ఉండకూడదని మాలో పట్టింపు. పడక, దుప్పటి, చెప్పులు, నీళ్ళు తాగిన గ్లాసు, అన్నీ ఊరి బయటికి పోయాయి. "చచ్చినోళ్ళ సొమ్ము బతికినోళ్ళను పిలుస్తాది," అంటూ ఆమె కిటికీ దగ్గరికి పోయే లోపల నేను ఆ సీసాను జొన్నల డబ్బాలో పూడ్చేశాను. మంది పోయినాక తీసి గోడగూట్లో పెట్టుకున్నాను. ఫొటో అంటారా, ఆధార్ కార్డులో ఒకటుంది. దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టు ఉంటాడు. అది ఆయన ముఖం కాదు. ఆయనది నాకు మిగిలింది ఆ పల్లమే.

రోజూ దీపం పెట్టే వేళకు దాని మీద నీళ్ళు చల్లేదాన్ని. ఎండిన మన్ను నీళ్ళను పీల్చేటప్పుడు చిన్న చప్పుడు చేస్తుంది. సుయ్ మని. దగ్గు ఆగినాక ఆయన గుక్క తీసుకునేది కూడా అట్లే ఉండేది. నేను పల్లంలో నా వేలు పెట్టేదాన్ని. నా వేలు చిన్నది, అందులో అటూ ఇటూ కదిలేది. ఒక్కోరోజు పల్లం వెచ్చగా ఉండేది. ఎండ పడి ఉంటుందిలే అనుకునేదాన్ని. ఆ గూటికి ఎండ రాదు. ఆ మాట నాకు తెలుసు, తెలిసీ అట్లే అనుకునేదాన్ని.

ఏడాది తిరిగాక ఉగాదికి ముందు జరిగింది. ఇల్లు సున్నం కొట్టాలి, అలకాలి. నర్సమ్మ పన్నెండు సీసాలు అడిగింది, అవి కింద చాప మీద ఎండుతున్నాయి. గూటికి సున్నం వేయడానికి ఆయన సీసాను తీసి వాటి పక్కన పెట్టాను. ఇది మాత్రం బాగా గుర్తుంది. తర్వాత బొక్కెనలో ఎర్రమన్ను నీళ్ళు కలుపుకుని, సీసాలకు ఆఖరి పూత పూయడానికి కూర్చున్నాను. నోరు ఆపాతో మాట్లాడుతోంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

నా చెయ్యి ఎట్లాంటిదో చెప్పాలి. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచి నేల అలికిన చెయ్యి. నేల మీద పల్లం తగిలితే చాలు, నేను చెప్పకుండానే అది మన్ను తీసి నింపేస్తుంది, నునుపు చేస్తుంది. అట్లాంటి చెయ్యి ఆరోజు ఆయన వేలిని కూడా నింపేసింది. నింపినప్పుడు నాకు తగిలి ఉండాలి కదా. తగల్లేదు. నా చేత్తో నేనే రెండోసారి ఆయన మీద మన్ను పోశాను.

ఆపా ఒకటీ వదలకుండా అన్నింటికీ తీగలు గీసింది. పొద్దున్నే నర్సమ్మ పన్నెండు లెక్క పెట్టుకుని సంచిలో వేసుకుపోయింది. ఒకటి మిగిలింది. మిగిలింది ఆయనదే అనుకుని గూట్లో పెట్టాను. పండగ పని, అలసట. మూడు రోజులు దాని జోలికి పోలేదు. నాలుగో రోజు నీళ్ళు చల్లి వేలు పెట్టాను. వేలు జారిపోయింది. ఎక్కడ తడిమినా నునుపు. కత్తిపీట తెచ్చి గీకాను. తీగలు పోయాయి, గింజలు రాలాయి, మన్ను ఊడింది, చీర పీలిక బయటపడింది. లోపల గాజు. ఎవరి ముద్రా లేదు.

ఆపా వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అరె చెల్లే, అన్నింటి మీదా నేనే పూలేసినా కదా! నాకైనా తెలియకపాయె."

"ఆపా, ఆయన పోయినాడని కాదు నా భయం. ఆయన యాడికి పోయినాడు? ఎవరి తలగడ కాడ ఉండాడు?"

మా తోటికోడలి మాట నా చెవిలో ఆరోజు మొదలైంది. చచ్చినవాడి వస్తువును తీసుకుపోయి, బతకాలని చూస్తున్న మనిషి మంచం దగ్గర పెట్టించాను. పోగొట్టుకున్న బాధ ఒకవైపు, ఈ భయం ఒకవైపు. కళ్ళు మూస్తే ఎవరో ముఖం తెలియని మనిషి పక్కన ఆయన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని కనపడేవాడు. నావైపు చూసేవాడు కాదు.

నర్సమ్మకు చెప్తే తిట్టలేదు. "ఎట్ల పోలుస్తావక్కా? అన్నీ ఒకే తీరుగా ఉండాయి. జబ్బుమనిషి చేతిలో ఉన్నదాన్ని గీకి చూస్తామంటే బాగుంటాదా?"

గీకే పని లేదు. మన్నుగోడ ఎరిగినవాళ్ళకు తెలుసు. వాన పడితే గోడంతా ఒకేసారి నల్లబడదు. తర్వాత మెత్తిన చోట ముందు తడుస్తుంది. పాత మన్ను బిగుసుకుని ఉంటుంది, అతుకు గుల్లగా ఉంటుంది. నాలుగు చుక్కలు చల్లి చూస్తే చాలు, వేలంత మేర ముందు నల్లబడితే అదే ఆయనది.

రోజూ షేర్ ఆటో ఎక్కి వార్డుకు పోయాను. సంచిలో మరువం కట్ట. "రెమ్మలు మారుస్తానమ్మా" అంటూ ఒక్కో మంచం దగ్గర కూర్చునేదాన్ని. సీసా మీద నీళ్ళు చల్లి ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. వాళ్ళు వాసన పీలుస్తూ కళ్ళు మూసుకునేవాళ్ళు. నేను కళ్ళు తెరుచుకుని అతుకు కోసం వెతికేదాన్ని. అందరూ నన్ను పుణ్యాత్మురాలని అనుకున్నారు. ఒక పెద్దాయన, "మా కూతురు కూడా ఇన్నిసార్లు రాలేదమ్మా" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ మరుసటి రోజు ఆయన పోయాడు. ఆయన భార్య వరండాలో ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఓదార్చే నెపంతో పక్కన కూర్చుని, నేను తాగే నీళ్ళ సీసా తీసి చేతిలో పోసుకుని దాని మీద చిలకరించాను. అంతా ఒకేసారి నల్లబడింది. మాది కాదు.

ఆ క్షణాన నేను సంతోషపడ్డాను. ఆమె భుజం మీద నా చెయ్యి ఉంది, ఆమె ఏడుస్తోంది, నేను లోపల సంతోషపడుతున్నాను. రాయి టీచరమ్మా, అది కూడా రాయి.

వార్డులోవి ఏడూ చూశాను. ఊళ్ళో ఇండ్లకు పోయినవి నాలుగూ చూశాను. మిగిలింది ఒక్కటే. ఎక్కువ కాలం లేదని చెప్పి ఇంటికి పంపించిన నందికొట్కూరు ఆడమనిషి దగ్గర. పొత్తికడుపులో గడ్డ. నా చెల్లెలి వయసు. కొత్త సీసా ఒకటి బాగా అలంకరించి, అది ఇచ్చి ఇది తెచ్చుకుందామని బస్సెక్కాను. దారంతా ఒకటే అనుకున్నాను: నేను పోయేసరికి ఆ ఇంటి ముందు మంది ఉండకూడదు.

లేరు. ఊరి చివర రైతుల ఇల్లు. ముందర గొడ్లపాక. ఆమె అత్త పాకలో పేడ తీస్తోంది. ఆసుపత్రి సీసాల మనిషినని చెప్తే, "లోపలికి పో అమ్మా, ఆ సీసానే లోకమైపోయింది దానికి" అంది.

ఆమె మంచంలో ఒక పక్కకు ఒదిగి పడుకుని ఉంది. సీసా చేతిలోనే ఉంది. నేను చల్లాల్సిన పని లేకుండా తనే పక్కనున్న చెంబులో వేళ్ళు ముంచి చిలకరించింది. సుయ్ మంది. తెల్ల తీగల నడుమ ముందుగా నల్లబడింది, బొటనవేలంత, కొంచెం వాలుగా.

"ఈడ ఒక్కచోట ముందు నల్లగా అయితాది, సూడక్కా," అంది ఆమె. "నాకు అర్ధరేత్రి నొప్పి లేస్తాది. అందరూ నిద్రపోతాంటారు. దీని మీద నీళ్ళు చల్లుకుంటా. ఎవురో గుక్క తీసుకున్నట్టు ఉంటాది. నేనొక్కదాన్నే మేలుకోని లేను అనిపిస్తాది."

కొత్త సీసాను సంచిలోంచి తీశాను. ఇంకా బాగా చేశాను, ఇది తీసుకో, అది పగిలేటట్టుంది అని అబద్ధం చెప్పాను. ఆమె కొత్తదాన్ని చూసింది. బాగుందంది. పాతదాన్ని రొమ్ముకు దగ్గరగా పెట్టుకుంది.

ఇక నోరు ఆగలేదు. "అమ్మా, అది నీకిచ్చింది కాదు. తప్పు జరిగింది. అది మా ఆయన సీసా. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ నల్లబడేది ఆయన వేలు."

వాకిట్లో గంప కింద పడింది. అత్త పేడచేతులతోనే లోపలికి వచ్చింది. "నీ కొంప కూల! చచ్చినోని సీసా తెచ్చి నా కోడలి మంచం కాడ పెడ్తివా? మొగుడు పోతే నీ ఇంట్లో ఏడ్చుకోవల్ల గానీ, ఊరి మీద పడి పంచుతాండావా? ఇయ్యే దాన్ని, దిబ్బలో ఇసిరేస్తా!"

నేను లేచి గోడకు ఆనుకున్నాను. ఆమె తిట్టింది అన్యాయమని నాకు అనిపించలేదు. ఆ తిట్టు కోసమే నేను ఇన్నాళ్ళు తిరిగానేమో.

కోడలు మాత్రం సీసాను వదల్లేదు. "అత్తా, అరవొద్దు. అరిస్తే కడుపులో నొప్పి లేస్తాది." తర్వాత నావైపు తిరిగింది. "ఆయప్పకు నొప్పి లేస్తే ఏం చేస్తాండె?"

"నన్ను తిడతాండె."

"ఏమని?"

"నీ రొట్టె కన్నా నాపరాయి మెత్తగా ఉండాది అని."

ఆమె నవ్వింది. నవ్వితే కడుపు పట్టుకోవాల్సి వచ్చింది. అత్త అట్లే నిలబడింది, చేతులనుంచి పేడ నేల మీద పడుతోంది.

"అత్తా, నేను యాడికి పోతాండానో మీకెవురికీ తెలియదు," అంది కోడలు. "ఆయప్ప పోయిన దావ. తెలిసినోడు ఒకడు నా కాడ ఉండనీ." నా చెయ్యి పట్టుకుంది. "నేను పోయినాక వచ్చి తీసుకుపో అక్కా. అంతవరకు ఇయ్యి."

ఇయ్యనని నేనెట్లా అంటాను? ఎవరికీ ఇవ్వొద్దన్నాడు ఆయన. ఇచ్చాను. బస్సులో కూర్చున్నాక కొత్త సీసా నా ఒళ్ళోనే ఉంది.

తర్వాత రెండుసార్లు పోయాను. మొదటిసారి పోయినప్పుడు ఆమె పిన్నీసుతో అతుకును గీకుతూ ఉంది. తడిపి, కొంచెం గీకి, మళ్ళీ తడిపి. "మీ ఆయనను బయటికి తీస్తాండా," అంది. చేతిలో బలం లేదు, నడుమ కొంచెమే తీయగలిగింది. తీసిన చోట తన వేలు పెట్టుకునేది. నొప్పి లేచినప్పుడు అదిమేది. ఆమె వేలి రాపిడికి ఆ పల్లం ఆమె వేలికి సరిపోయేటట్టు నునుపైంది. గీత ఉందా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

రెండోసారి పోయేసరికి ఆమె లేదు. ఆమె మంచం, పడక, చెంబు, అన్నీ అప్పటికే బయటికి పోయాయి. సీసాను కూడా దిబ్బలో వేసుంటారని వాకిట్లోనే ఆగిపోయాను. అత్త గొడ్లపాకలోకి పోయి, గడ్డి కిందనుంచి ఒక గుడ్డమూట తీసి తెచ్చింది. నావైపు చూడకుండా చేతిలో పెట్టింది.

"చెప్పి పోయింది. అందుకే దాచినా. నా ఇంట్లో వొద్దు, తీసుకుపో." నేను వీధిలోకి వచ్చాక వెనకనుంచి పిలిచింది. "ఒసే, అది తడారిపోకుండా సూసుకో. దానికి ఎండితే ఊపిరాడదు అంటాండె."

ఇప్పుడది మా గూట్లోనే ఉంది. నీళ్ళు చల్లితే ముందు పెద్ద వేలంత నల్లబడుతుంది, అది ఆయనది. దాని నడుమన చిన్న పల్లంలో నీళ్ళు నిలుస్తాయి, అది ఆమెది. గీత కనపడదు. నా వేలు ఆ చిన్న పల్లంలో సరిగ్గా కూర్చుంటుంది, అటూ ఇటూ కదలదు. అందుకే ఎక్కువసేపు పెట్టను. చప్పుడు కూడా మారింది. ముందు ఒకటి, కొంచెం ఆగి ఇంకొకటి.

వార్డుకు సీసాలు ఇప్పటికీ చేస్తున్నాను. ఆఖరి పూత మాత్రం ఆపా పూస్తుంది, నా చేతిని నేను నమ్మను.

ఈ ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టాం. ఆపా బొక్కెన పట్టుకుని గూటి దగ్గర ఆగింది. "ఈ గూడొక్కటి వదిలేసినావేంటికి చెల్లే? ఇంత నల్లగా ఉండాది."

"వాళ్ళుండారు ఆపా," అన్నాను.

ఎప్పుడూ నా మాటకు నవ్వే మనిషి నవ్వలేదు. బొక్కెన కింద పెట్టి, తలమీద కొంగు సర్దుకుంది.